వీడియో టేపులోని డిజిటల్ సౌండు: అంకెల్ని అంకెలుగానే దింపుకోవాలి

పాత క్యామ్‌కార్డర్ టేపుల్లోంచి మాటలో పాటలో కంప్యూటర్లోకి దింపాలంటే ఎక్కువమంది చేసే పని ఒకటే. క్యామెరా హెడ్‌ఫోన్ సాకెట్లో ఒక తీగ గుచ్చి, రెండో కొస కంప్యూటర్ మైక్ సాకెట్లో పెట్టి, రికార్డు బటన్ నొక్కుతారు. సౌండు వస్తుంది, నిజమే. కానీ మినీడీవీ, డిజిటల్8 టేపుల విషయంలో అది కోరి తెచ్చుకునే నష్టం. ఆ టేపు మీద సౌండు ముందే అంకెల రూపంలో ఉంది. క్యామెరాలోని చిప్పు దాన్ని అనలాగ్ చేస్తుంది, హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ తన బుస కలుపుతుంది, కంప్యూటర్ మైక్ సాకెట్ (చాలా లాప్‌టాపుల్లో అది మోనో) మళ్ళీ అంకెలుగా మారుస్తుంది. రెండు మార్పిళ్ళు, రెండు చోట్ల లెవెల్ సర్దుబాటు, పైగా అడాప్టర్ల నుంచి వచ్చే హమ్. అంకెల్ని అంకెలుగానే తెచ్చుకుంటే ఇవేవీ ఉండవు. లెవెల్ ఎంత పెట్టాలన్న ప్రశ్నే రాదు.

అయితే టేపు మీద నిజంగా డిజిటల్ సౌండు ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. వీహెచ్ఎస్ మెషీన్ మీద ‘హై-ఫై’ అని ఉంటే కొందరు డిజిటల్ అనుకుంటారు. కాదు. అది ఎఫ్ఎం పద్ధతిలో రికార్డయిన అనలాగ్ సౌండు; వినడానికి బాగుంటుంది, అంతే. వీడియో8, హై8 టేపుల మీద ఉన్నదీ ఎక్కువగా అదే. కొన్ని మెషీన్లు మాత్రం పక్కనే 8 బిట్ పీసీఎం (సౌండును నేరుగా అంకెలుగా రాసే పద్ధతి) ట్రాకు కూడా రాసేవి. వీటిని అనలాగ్ దారిలోనే తేవాలి. 1995లో మొదలైన డీవీ, 1999లో సోనీ తెచ్చిన డిజిటల్8 పూర్తిగా డిజిటల్. డీవీడీ, హార్డ్ డిస్క్ రికార్డర్లూ అంతే. ఇంకో అరుదైన జాతి ఉంది: 1980లలో మామూలు వీసీఆర్‌నే డిజిటల్ ఆడియో రికార్డరుగా వాడి చేసిన టేపులు. వాటి కథ వేరు, చివర్లో చూద్దాం.

డీవీ టేపులకు ఫైర్‌వైర్

డీవీ క్యామ్‌కార్డర్‌కు చిన్న నాలుగు పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. దాని మీద డీవీ అనో, ఐ.లింక్ అనో, ఐఈఈఈ 1394 అనో రాసి ఉంటుంది. అన్నీ ఫైర్‌వైర్ అనే తీగ పద్ధతికి పేర్లే. పక్కనే యూఎస్‌బీ సాకెట్ కనిపిస్తే ఆశపడొద్దు. చాలా మోడళ్ళలో అది మెమరీ కార్డులోని ఫొటోల కోసమో, వెబ్‌క్యామ్‌లా తక్కువ నాణ్యత బొమ్మ పంపడానికో పెట్టినది. ఒకవైపు ఫైర్‌వైర్ ప్లగ్గు, ఇంకోవైపు యూఎస్‌బీ ప్లగ్గు ఉన్న చవక తీగలు కూడా అమ్ముతుంటారు. రెండింటి పద్ధతులూ వేరు, తీగ లోపల వాటిని మార్చే చిప్పేమీ ఉండదు. డీవీ దింపడానికి అవి పనికిరావు.

డెస్క్‌టాప్‌కైతే పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఫైర్‌వైర్ కార్డు కొనాలి. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్పు ఉన్నది దొరికితే మేలు, వీఐఏ చిప్పు ఉన్నదైనా డీవీకి చాలు. కార్డుకు ఆరు పిన్నుల సాకెట్ ఉంటుంది కాబట్టి 6–4 తీగ తీసుకోవాలి. విండోస్ 10లో కార్డు కనిపించి క్యామెరా కనిపించకపోతే, మైక్రోసాఫ్ట్ విడిగా ఇచ్చిన ‘లెగసీ’ 1394 డ్రైవర్ వేసి, డివైస్ మేనేజర్‌లో కంట్రోలర్‌ను దానికి మార్చి చూడాలి. చాలాసార్లు అక్కడితో సమస్య తీరుతుంది. మాక్‌ఓఎస్ 26కు ముందటి సిస్టమ్ ఉన్న మాక్‌లకైతే థండర్‌బోల్ట్ 3 నుంచి 2కు ఒక అడాప్టర్, 2 నుంచి ఫైర్‌వైర్‌కు ఇంకొకటి, ఆపైన 9–4 తీగ, ఇలా గొలుసు కట్టాలి. మాక్‌ఓఎస్ 26లో ఫైర్‌వైర్‌ను పూర్తిగా తీసేశారు. ఈ పని మిగిలి ఉన్నంతకాలం ఆ మెషీన్‌ను అప్‌డేట్ చేయకపోవడమే మంచిది.

తీగ తగిలించేటప్పుడు క్యామెరా, కంప్యూటర్ రెండూ ఆపి ఉండాలి. ఫైర్‌వైర్‌ను నడుస్తుండగానే తగిలించవచ్చని మాన్యువల్‌లో ఉంటుంది. కాదనలేం. కానీ ఆరు పిన్నుల సాకెట్లో కరెంటు కూడా ఉంటుంది, 30 వోల్టుల దాకా ఉండొచ్చు. సాకెట్ వదులై ప్లగ్గు తిరగబడి దూరిందంటే ఆ వోల్టేజీ నేరుగా క్యామెరాలోని ఫైర్‌వైర్ చిప్పు మీద పడుతుంది. ఆ తరవాత క్యామెరా మామూలుగానే ఉంటుంది, టేపు ఆడుతుంది, తెరలో బొమ్మ కనిపిస్తుంది. కంప్యూటర్‌కి మాత్రం ఇక కనిపించదు.

టేపు వెనక అంచున ఉన్న చిన్న మీటను ‘సేవ్’ వైపు జరపాలి. ఏళ్ళ తరబడి కదలని టేపును ఒకసారి చివరిదాకా, మళ్ళీ మొదటికి తిప్పితే చుట్ల బిగువు సమానమవుతుంది. చల్లటి చోటు నుంచి వెచ్చటి గదిలోకి తెచ్చిన క్యామెరాలో వెంటనే టేపు పెట్టకూడదు, టేపును చదివే హెడ్లుండే డ్రమ్ము మీద తేమ పడితే టేపు దానికి అతుక్కుంటుంది. ఓ గంట ఆగాలి. బ్యాటరీ మీద కాక అడాప్టర్ మీద నడపాలి. హెడ్డు శుభ్రం చేయాల్సి వస్తే పొడి క్లీనింగ్ క్యాసెట్‌ను ఒక్కసారికి 5 నుంచి 10 సెకన్లే తిప్పాలి. అది హెడ్డును కాస్త అరగదీసే శుభ్రం చేస్తుంది.

మనకు కావలసింది సౌండు ఒక్కటే అయినా ఫైర్‌వైర్ మీద అది విడిగా రాదు. డీవీ ఫ్రేము ప్రతిదాంట్లో బొమ్మ, సౌండు, టైమ్‌కోడ్, తేదీ కలిసే ఉంటాయి. కాబట్టి మొత్తాన్ని ఫైలుగా రాసుకుని, తరవాత సౌండును వేరుచేయాలి. సెకనుకు సుమారు 3.6 మెగాబైట్లు, గంటకు 13 గిగాబైట్లు. వేరుచేశాక 48 కిలోహెర్ట్జ్ స్టీరియో వేవ్ ఫైలు గంటకు 691 మెగాబైట్లే అవుతుంది. ఫైలు పడే డ్రైవ్ ఎఫ్ఏటీ32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 గిగాబైట్ల దగ్గర, అంటే 20 నిమిషాలలోపే, రికార్డింగు ఆగిపోతుంది. ఎన్‌టీఎఫ్ఎస్ గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ ఉండాలి.

టేపు నడిచే వేగంలోనే ధార వస్తుంది. పోయిన ప్యాకెట్‌ను మళ్ళీ పంపమని అడిగే ఏర్పాటు ఇందులో లేదు. దింపే ప్రోగ్రాములో ‘డ్రాప్డ్ ఫ్రేమ్స్’ లెక్క సున్నా దాటితే ఆ భాగాన్ని మళ్ళీ దింపాలి. ఒక్క ఫ్రేము పోతే పాల్‌లో (మన దేశపు టీవీ పద్ధతి) 40 మిల్లీసెకన్లు, ఎన్‌టీఎస్‌సీలో (అమెరికా, జపాన్‌ల పద్ధతి) 33 మిల్లీసెకన్ల సౌండు పోయినట్టు. బొమ్మలో అది కంటికి ఆనకపోవచ్చు. పాటలో మాత్రం తాళం తప్పినట్టు తెలిసిపోతుంది.

విండోస్‌లో విన్‌డీవీ చాలా చిన్న ప్రోగ్రాము, ఈ పనికి అదే చాలు. లినక్స్‌లో డీవీగ్రాబ్. విన్‌డీవీలో ఏవీఐ టైప్ 1, టైప్ 2 అని ఎంపిక ఉంటుంది. టైప్ 1లో సౌండు డీవీ ధార లోపలే ఉండిపోతుంది, కొన్ని ఆడియో ప్రోగ్రాములకు అక్కడ సౌండు ఉన్నట్టే తెలియదు. టైప్ 2లో సౌండును విడి ట్రాకుగా కూడా రాస్తుంది. మామూలు స్టీరియో టేపుకు టైప్ 2 హాయి. ముడి డీవీ ఫైలుగా రాసే వీలుంటే అన్నిటికన్నా నయం, ఎందుకో కింద తెలుస్తుంది.

సౌండును వేరుచేయడానికి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ప్రోగ్రాము వాడొచ్చు. వీడియో వద్దని, ఆడియోను 16 బిట్ పీసీఎం వేవ్‌గా రాయమని చెప్తే చాలు. శాంపిల్ రేటు (సెకనుకు సౌండును ఎన్నిసార్లు కొలిచారన్నది) గురించి ఏమీ చెప్పకూడదు, చెప్తే మారుస్తుంది. ఆడాసిటీలో చేసేవాళ్ళు రెండు చోట్ల చూసుకోవాలి. ప్రాజెక్ట్ రేటు 44,100 దగ్గర ఉంటే ఎగుమతి చేసేటప్పుడు మీ 48,000 శాంపిళ్ళను చెప్పాపెట్టకుండా మార్చేస్తుంది. సెట్టింగుల్లో ‘డిథర్’ కూడా మొదటి నుంచీ ఆన్‌లో ఉంటుంది. దాన్ని తీసేయకపోతే తెచ్చిన అంకెల అడుగున కొత్త నాయిస్ చేరుతుంది.

12 బిట్ టేపుల చిక్కు

డీవీలో సౌండు ప్రధానంగా రెండు రకాలు: 16 బిట్, 48 కిలోహెర్ట్జ్, రెండు ఛానళ్ళు, లేదా 12 బిట్, 32 కిలోహెర్ట్జ్, నాలుగు ఛానళ్ళు. చాలా క్యామెరాలు కొన్నప్పుడే 12 బిట్‌లో ఉండేవి, మెనూలోకి వెళ్ళి మార్చినవాళ్ళు తక్కువ. ఈ 12 బిట్ సరళమైన 12 బిట్ కాదు, చిన్న శబ్దాలకు సన్నటి మెట్లు, పెద్ద శబ్దాలకు పెద్ద మెట్లు వేసి, చదివేటప్పుడు మళ్ళీ 16 బిట్‌గా విప్పుతుంది. మాటలకు ఫర్వాలేదు. కానీ 16 కిలోహెర్ట్జ్ పైన ఏమీ ఉండదు, ఉండకూడదు కూడా. ఫైలు స్పెక్ట్రమ్ అక్కడ గోడ కట్టినట్టు ఆగితే అది దింపడంలో లోపం కాదు.

నాలుగు ఛానళ్ళలో మొదటి జత క్యామెరా మైక్‌ది. రెండో జత తరవాత వ్యాఖ్యానమో సంగీతమో కలపడానికి వదిలిన ఖాళీ. ఎవరైనా ఆడియో డబ్ చేసి ఉంటే అది ఆ రెండో జతలోనే ఉంటుంది. క్యామెరా మెనూలో రెండు జతల పాళ్ళు సర్దే ‘ఆడియో మిక్స్’ ఉంటుంది గానీ అది స్పీకరుకూ అనలాగ్ సాకెట్‌కూ వెళ్ళే సౌండుకే. ఫైర్‌వైర్ మీద రెండు జతలూ విడివిడిగా వస్తాయి. ముడి డీవీ ఫైలు నుంచి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ రెండు స్టీరియో ట్రాకులు చూపిస్తుంది, కానీ ఏమీ చెప్పకపోతే ఒక్కదాన్నే రాసి ఊరుకుంటుంది. ‘మ్యాప్’ ఆప్షన్‌తో రెండోదాన్ని కూడా అడగాలి. ముడి ఫైలు మేలు అన్నది ఇందుకే: ఏ జతా దారిలో జారిపోదు.

ఒకే టేపు మీద కొంత 12 బిట్, కొంత 16 బిట్ ఉన్నప్పుడు ఇంకో వింత జరుగుతుంది. ప్రోగ్రాము మొదటి ఫ్రేములో చూసిన రేటునే ఫైలు తలలో (హెడర్‌లో) రాసుకుంటుంది. మధ్యలో 32,000 నుంచి 48,000కు మారితే అక్కణ్ణుంచి గొంతులు లావెక్కి, మూడింట రెండొంతుల వేగంతో ఈడుస్తూ వినిపిస్తాయి. తిరగేసి మారితే ఒకటిన్నర రెట్లు వేగం, కీచు గొంతులు. టేపు పాడైందని పారేయకండి. షాట్ మారిన చోటల్లా కొత్త ఫైలు మొదలుపెట్టే సెట్టింగు డీవీగ్రాబ్‌లోనూ విన్‌డీవీలోనూ ఉంది; దాన్ని ఆన్ చేసి దింపితే ఒక్కో ఫైలుకు దాని సరైన రేటు పడుతుంది.

సౌండు బొమ్మకన్నా మెల్లగా జరిగిపోవడం

ఇంట్లో వాడే డీవీ క్యామెరాల్లో ఆడియో గడియారం వీడియో గడియారానికి కట్టి ఉండదు. దీన్ని అన్‌లాక్డ్ ఆడియో అంటారు. పాల్‌లో 48,000 లెక్కన ఫ్రేముకు 1,920 శాంపిళ్ళు రావాలి. ప్రమాణం 1,896 నుంచి 1,944 దాకా ఒప్పుకుంటుంది. సగటున ఫ్రేముకు ఒక్క శాంపిల్ తగ్గిందనుకుందాం. గంటకు 90,000 ఫ్రేములు, అంటే 90,000 శాంపిళ్ళు తక్కువ, దాదాపు 1.9 సెకన్ల తేడా. సౌండు ఒక్కటే వినేవాళ్ళకు ఇది పట్టింపు కాదు, శ్రుతిలో తేడా వందో వంతు స్వరం కూడా ఉండదు. దాన్ని మళ్ళీ బొమ్మకు జతచేయాలనుకుంటే మాత్రం ఫ్రేముల సంఖ్యను 1,920తో గుణించి, వచ్చినదాన్ని వేవ్ ఫైలులోని అసలు శాంపిళ్ళతో పోల్చి, ఆ నిష్పత్తిలో ఒక్కసారి రీశాంపుల్ చేయాలి, అంటే శాంపిళ్ళ సంఖ్యను మార్చాలి. చెవితో జరుపుకుంటూ పోతే మొదట కలుస్తుంది, చివర విడిపోతుంది. డీవీక్యామ్ (సోనీ ప్రొఫెషనల్ డీవీ రకం) మెషీన్లలో లాక్డ్ ఆడియో ఉంటుంది కాబట్టి వాటి టేపులకు ఈ బాధ లేదు.

టేపు చదవలేని చోట క్యామెరా ఆ శాంపిల్ స్థానంలో ఒక లోపపు గుర్తు పెట్టి పంపుతుంది. అంకెగా చూస్తే అది 16 బిట్‌లో అన్నిటికన్నా కిందనున్న విలువ, మైనస్ 32,768. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ దాన్ని గుర్తుపట్టి సున్నాకు దించుతుంది. గుర్తుపట్టని ప్రోగ్రాము దాన్ని నిజమైన శాంపిలనుకుని వినిపిస్తే చెవులు చిల్లులు పడే టపటపలు. అలాంటి పేలుళ్ళు వస్తే ముందు అదే ముడి ఫైలును వేరే ప్రోగ్రాముతో విప్పి చూడండి, తరవాతే టేపును అనుమానించండి.

టపటపలతోపాటు బొమ్మలో అడ్డపట్టీలుగా గళ్ళు పడుతుంటే రెండు హెడ్లలో ఒకటి మూసుకుపోయినట్టు. టేపు మీద ట్రాకులను రెండు హెడ్లూ వంతులవారీగా చదువుతాయి, సౌండు శాంపిళ్ళు ఆ ట్రాకులన్నిటి మీదా చెదిరి ఉంటాయి. అందుకే ఒక హెడ్డు పోతే ఒక ఛానల్ పోవడం కాక, రెండు ఛానళ్ళూ సగం సగం చిరుగుతాయి. ఎల్‌పీ మోడ్‌లో (టేపు ఎక్కువసేపు వచ్చేలా మెల్లగా నడిపి) చేసిన టేపుల్లో ట్రాకు వెడల్పు మామూలు ఎస్‌పీ మోడ్‌లో ఉన్న 10 మైక్రాన్ల నుంచి సుమారు 6.7కు తగ్గుతుంది. వాటిని రికార్డు చేసిన క్యామెరాలోనే ఆడించే ప్రయత్నం చేయాలి. ఇంకో క్యామెరాలో చిరుగులు వినపడ్డంత మాత్రాన టేపు పోయినట్టు కాదు.

అనుమానం ఉన్న టేపును రెండుసార్లు దింపి, రెండు వేవ్ ఫైళ్ళనూ మొదటి శాంపిల్ దగ్గర కలిపి, ఒకదాన్ని తలకిందులు చేసి (ఇన్వర్ట్ చేసి, అంటే ప్లస్‌ను మైనస్‌గా మార్చి) కూడండి. అంతా సున్నా రావాలి. సున్నా కాని చోటు ఎక్కడుందో అక్కడే టేపు సరిగ్గా చదవలేదు, ఆ ముక్కను రెండింట్లో బాగున్నదాని నుంచి తీసుకోవచ్చు. అనలాగ్ తీగతో చేసేవాళ్ళకు ఈ పరీక్ష దొరకదు.

డిస్కు రికార్డర్లు, ఎస్‌పీడిఫ్

డీవీడీ రికార్డరులో డిస్కు మీదకు రాసుకున్నదైతే డిస్కును ఫైనలైజ్ చేసి (వేరే మెషీన్లు కూడా చదివేలా ముగించి), కంప్యూటర్ డ్రైవ్‌లో పెట్టి ఫైళ్ళు కాపీ చేసుకోవడమే. సౌండు డాల్బీ డిజిటల్‌లో ఉంటే దాన్ని విప్పకుండా అలాగే వేరుచేసి దాచుకోండి. హార్డ్ డిస్క్ నుంచి డిస్కుకు రాసే వీలు లేని రికార్డరైతే వెనకనున్న డిజిటల్ అవుట్ వాడాలి, దీని పద్ధతి పేరు ఎస్‌పీడిఫ్. కోయాక్సియల్ అయితే 75 ఓముల తీగ, ఆప్టికల్ అయితే టాస్‌లింక్.

ఇక్కడ మొదటి తప్పు సాకెట్ దగ్గరే జరుగుతుంది. కంప్యూటర్ మదర్‌బోర్డు మీద ఆప్టికల్ సాకెట్ ఉంటే సంతోషపడతారు. అది దాదాపు ఎప్పుడూ అవుటే. లోపల ఎర్రగా వెలుగుతుంటే అవుట్, చీకటిగా ఉంటే ఇన్. ఇన్ ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌కు తగిలించే సౌండు పెట్టె) విడిగా కావాలి.

రెండోది గడియారం. ఎస్‌పీడిఫ్‌లో పంపేవాడి గడియారమే ప్రమాణం. ఇంటర్‌ఫేస్ సెట్టింగుల్లో క్లాక్‌ను ‘ఎక్స్‌టర్నల్’ లేదా ‘ఎస్‌పీడిఫ్’కు మార్చకపోతే రెండు గడియారాల మధ్య తేడా పేరుకుంటూ పోతుంది. తేడా పది లక్షలకు పది పాళ్ళే అనుకున్నా 48,000 దగ్గర సుమారు రెండు సెకన్లకొక శాంపిల్ జారుతుంది, జారినప్పుడల్లా టిక్కు. లయబద్ధంగా టిక్కులు వినిపిస్తే తీగను మార్చేముందు క్లాక్ సెట్టింగు చూడండి. విండోస్ మిక్సర్ రేటు మార్చకుండా ఏషియో డ్రైవర్ గానీ, విండోస్‌లోని వాసాపీ ఎక్స్‌క్లూజివ్ మోడ్ గానీ వాడాలి.

రికార్డరు మెనూలో డిజిటల్ అవుట్‌ను ‘బిట్‌స్ట్రీమ్’ (విప్పని డాల్బీ డిజిటల్) నుంచి ‘పీసీఎం’కు మార్చాలి. బిట్‌స్ట్రీమ్‌లో ఉంటే కంప్యూటర్‌లో పూర్తి లెవెల్‌లో నాయిస్ మోగుతుంది. స్పీకర్ల చిన్న ట్వీటర్లకు అది మంచిది కాదు, మొదటిసారి వాల్యూమ్ బాగా తగ్గించి వినాలి. పొరపాటున అలా రికార్డయినా ఒక్క బిట్టూ మారకుండా వచ్చి ఉంటే అదేమీ వృథా కాదు, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఆ ఫైలులోంచి డాల్బీ డిజిటల్‌ను బయటికి తీయగలదు. పీసీఎంకు మార్చినప్పుడు అదే మెనూలో ‘డీఆర్‌సీ’ లేదా ‘నైట్ మోడ్’ ఆపండి. లేకపోతే సౌండు ఎత్తుపల్లాలను రికార్డరే చదును చేసి పంపుతుంది, తరవాత వాటిని మళ్ళీ తెచ్చుకోలేం.

వీసీఆర్ టేపు మీద పీసీఎం

సోనీ 1981లో పీసీఎం-ఎఫ్1 అనే పెట్టె తెచ్చింది. అది సౌండును అంకెలు చేసి, ఆ అంకెల్ని నలుపు తెలుపు చుక్కల బొమ్మగా మార్చి వీసీఆర్ వీడియో ఇన్‌లోకి పంపేది. ఇలాంటి టేపును మామూలుగా ఆడిస్తే తెర మీద చుక్కల వాన కనిపిస్తుంది. ఒక్కో గీతలో ఒక్కో ఛానల్‌కు మూడు శాంపిళ్ళు. 245 గీతలు, సెకనుకు 60 ఫీల్డులు (ఫీల్డు అంటే సగం ఫ్రేము): 44,100. పాల్‌లో 294 గీతలు, 50 ఫీల్డులు: అదే 44,100. సీడీకి ఆ రేటు వీడియో టేపు మీద అంకెలు రాసే ఈ పద్ధతి నుంచే వచ్చింది. రంగుల ఎన్‌టీఎస్‌సీలో ఫీల్డులు 59.94 కాబట్టి 44,056.

వీటిని దింపాలంటే వీసీఆర్ వీడియో అవుట్‌ను పీసీఎం ప్రాసెసర్‌కు (ఎఫ్1 లాంటి పెట్టెకు), దాని డిజిటల్ అవుట్‌ను ఎస్‌పీడిఫ్ ఇన్‌కు కలపాలి. డిజిటల్ అవుట్ ఉన్నందుకే పీసీఎం-601ఈఎస్‌డీకి ఇంత గిరాకీ. వీసీఆర్‌లో షార్ప్‌నెస్, నాయిస్ రిడక్షన్, ముఖ్యంగా డ్రాపౌట్ కాంపెన్సేటర్ ఆపే వీలుంటే ఆపాలి. కాంపెన్సేటర్ పాడైన గీత స్థానంలో పై గీతను అతికిస్తుంది. బొమ్మకు అది మంచి ఉపాయం. కానీ ఆ గీతలోని తనిఖీ అంకెలు సరిగ్గానే ఉంటాయి కాబట్టి ప్రాసెసర్ తప్పును పట్టుకోలేదు, దిద్దగలిగే లోపం కాస్తా టిక్కుగా మారుతుంది. 14 బిట్‌కు బదులు 16 బిట్‌లో చేసిన టేపుల్లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఆ అదనపు రెండు బిట్ల కోసం దిద్దుబాటు సమాచారంలో కొంత భాగాన్ని వదులుకున్నారు.

దిగిన ఫైలుకు మూడు పనులు మిగులుతాయి. ఎన్‌టీఎస్‌సీ టేపైతే ఫైలు తలలో 44,100 అని ఉన్నా అసలు రేటు 44,056. తలను ముందు దానికి మార్చి, తరవాతే రీశాంపుల్ చేయాలి, లేకపోతే గంటకు 3.6 సెకన్లు వేగంగా పోతుంది. ఎఫ్1 టేపుల్లో పై ధ్వనులను పెంచి రికార్డు చేసే ప్రీ-ఎంఫసిస్ ఉంటుంది. అనలాగ్ అవుట్‌లో ప్రాసెసర్ దాన్ని సరిచేసేది, డిజిటల్ అవుట్‌లో ఒక గుర్తు మాత్రమే పంపుతుంది, కంప్యూటర్ ఆ గుర్తును పట్టించుకోదు. సౌండు కీచుగా, పలచగా వినిపిస్తే కారణం ఇదే. సాక్స్ ప్రోగ్రాములోని డీఎంఫసిస్ ఫిల్టరు సరిచేస్తుంది. ఈక్వలైజర్‌తో అందాజుగా తగ్గించొద్దు. మూడోది, ఎఫ్1లో రెండు ఛానళ్ళకూ కలిపి ఒకటే కన్వర్టర్, వంతులవారీగా కొలుస్తుంది. కాబట్టి ఒక ఛానల్ ఇంకోదానికన్నా అర శాంపిల్, అంటే సుమారు 11 మైక్రోసెకన్లు వెనక ఉంటుంది. స్టీరియోలో వినపడదు, మోనోగా కలిపితే పై ధ్వనులు తగ్గుతాయి. ఫైలును రెట్టింపు రేటుకు పెంచి, ఒక ఛానల్‌ను ఒక్క శాంపిల్ జరిపి, మళ్ళీ దించాలి. ఏ ఛానల్‌ను జరపాలో టేపులో మోనోగా ఉన్న భాగం చెప్తుంది: ఒకదాన్ని తలకిందులు చేసి కూడినప్పుడు ఎటు జరిపితే మిగిలే సౌండు తక్కువో అటే.